ముక్కుతో వండిన మనిషి

మొన్న ఆదివారం మా గరాజ్‌లో మైదాపిండి మాడింది. మాడ్చింది నేనే. గురువారం థ్యాంక్స్‌గివింగ్ కదా, ముందుగా ఒకసారి చేసి చూద్దామని కంట్రీ ఫ్రైడ్ టర్కీ మొదలుపెట్టాను. ముక్కలు బాగానే వేగాయి. గ్రేవీ కోసం మిగిలిన నూనెలో పిండి వేసి, మా ఎదురింటాయన నిలబడేవారే, అలాగే కళ్ళు మూసుకుని నిలబడ్డాను, వాసన వచ్చి చెబుతుందని. వచ్చింది, చెప్పింది కూడా. నేను వినిపించుకునేలోపు మూకుడు నల్లబడింది.

మా ఆవిడ లోపలి తలుపు తీసి, "ఏమండీ, ఏం తగలబెడుతున్నారు?" అంది. నా కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి.

"పొగ," అన్నాను.

"పొగే," అంది, నా ముఖం చూసి. ఆ తర్వాత తలుపు మూయకుండానే లోపలికి వెళ్ళింది.

కంట్రీ ఫ్రైడ్ అంటే ఏ దేశాన్నీ వేయించడం కాదు. టెక్సాస్ పల్లెటూళ్ళ వంట. టర్కీ కోడి రొమ్ము మాంసాన్ని పల్చగా కోసి, ఇంకా పల్చగా కొట్టి, మజ్జిగలో నానబెట్టి, మిరియాలపొడి కలిపిన మైదాలో దొర్లించి వేయిస్తారు. పైన పాలు, పిండి, మిరియాలతో కాచిన తెల్లటి గ్రేవీ పోస్తారు. అదే టెక్సాస్‌లో, మా ప్లేనోలో తెలుగువాళ్ళం, ఇంటింటా టర్కీ వండే ఆ థ్యాంక్స్‌గివింగ్ నాడు బిర్యానీ ట్రేలు తెప్పించుకుంటాం, టర్కీ జోలికి పోనందుకు టర్కీయే మనకు థ్యాంక్స్ చెప్పాలి. మా వీధిలో దాన్ని ఇంట్లో వండిన తెలుగాయన ఒక్కరే. మా ఎదురింటాయన. ఆయన పుట్టి బుద్ధెరిగి ముక్క నోట్లో పెట్టి ఎరగరు.

మేం ఆ వీధిలోకి కొత్తగా వచ్చినప్పుడు మూతపెట్టిన గిన్నెతో మా గుమ్మంలో నిలబడ్డారు. "గోంగూర పప్పు. మా సిస్టర్ ఇచ్చి రమ్మంది," అన్నారు. వెనకాల వాళ్ళ గుమ్మంలో ఒకావిడ నవ్వుతూ చెయ్యి ఊపింది. నేను లోపలికి వచ్చి, "పాపం, అన్నాచెల్లెళ్ళట. ఇద్దరూ పెళ్ళి చేసుకోకుండా ఒకరికొకరు తోడుగా ఉండిపోయినట్టున్నారు," అని మా ఆవిడకు చెప్పాను. మా ఆవిడ ఇంకో మెట్టు ఎక్కి, అంత చక్కటి మనిషి, ఈ వయసులోనైనా ఎవరైనా దొరికితే బాగుండునని ఆవిడ కోసం బాధపడింది. కొన్నాళ్ళకు వాళ్ళింటికి భోజనానికి వెళితే గోడ మీద పెళ్ళి ఫొటో ఉంది. అందులో పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ ఆ అన్నాచెల్లెళ్ళే. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోకుండా ఆ పూట భోజనం ముగించాం.

ఆయన గుంటూరు ఆసుపత్రిలో టైఫాయిడ్‌తో పడి ఉన్నప్పుడు ఆవిడ అక్కడ నర్సు. వార్డు వార్డంతా "సిస్టర్" అనే పిలిచేది, ఈయనా అలాగే పిలిచారు. జ్వరం తగ్గింది గానీ పిలుపు తగ్గలేదు. పెళ్ళయినా, ఆవిడ ఉద్యోగం పట్టుకుని ఇద్దరూ ఈ దేశం వచ్చినా, తల నెరిసినా అదే పిలుపు. ఒకసారి పెళ్ళిరోజున మమ్మల్ని కూడా హోటల్‌కి తీసుకెళ్ళారు. "టుడే ఈజ్ అవర్ యానివర్సరీ. చాక్లెట్ కేక్ ఫర్ మై సిస్టర్, ప్లీజ్," అని ఆర్డర్ ఇచ్చారు. రాసుకుంటున్న అమ్మాయి చెయ్యి ఆగిపోయింది. సిస్టరమ్మ మాత్రం నవ్వి నవ్వి కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

ఆవిడ ఆయన్ని "సామీ" అనేది. గుడిలో ప్రసాదాలు వండే ఇంట పుట్టినవాడని. ఒకరు సిస్టరు, ఒకరు సామి. రెండూ సంసారానికి పనికొచ్చే పిలుపులు కావు. అయినా ఆ ఇంట్లో చూసినంత సంసారం నేను ఇంకెక్కడా చూడలేదు.

ఆవిడది ప్రార్థన చేసుకుని ముక్క తినే ఇల్లు. పెళ్ళినాడే గుడిలో వండే ఈయన నాన్నగారు ఈయనతో మాట్లాడటం మానేశారట. కానీ ఆయన వంటలో మాత్రం ఆ నాన్న మాట్లాడటం మానలేదు. దేవుడికి వండేది నోట్లో వేసుకుని చూడకూడదు, ఉప్పు కోసమైనా. ఆయనకు చిన్నప్పుడే పట్టుబడిన ఆ పద్ధతి టర్కీ దాకా వచ్చింది.

"మరి ఉప్పు సరిపోయిందో లేదో ఎట్లా తెలుస్తుంది అంకుల్?" అని అడిగాను.

"ఉప్పు తక్కువైతే వాసన చప్పగా వస్తుంది నాయనా."

"అంటే వాసన చూస్తారన్నమాట."

"చూడకూడదు, అదీ తప్పే. కానీ అదే వచ్చి చెబుతుంటే వినకపోవడం ఇంకా తప్పు కదా?"

వాళ్ళింట్లో రెండు వంటిళ్ళు. లోపలిది పప్పుకీ చారుకీ. గరాజ్‌లో పెట్టిన పొయ్యి టర్కీకి. అసలే మన తెలుగువాళ్ళ గరాజ్‌లలో కారు తప్ప అన్నీ ఉంటాయి. అక్కడ ఒక ఇనపమూకుడు, ఒక అప్పడాల కర్ర, ఒక బల్ల, నర్సులు వేసుకునే గ్లోవ్స్ డబ్బా. సిస్టరమ్మ రిటైరయింది గానీ ఆ ఇంట్లో గ్లోవ్స్ రిటైర్ కాలేదు. గరాజ్ తలుపు సగం ఎత్తి, రెండు చేతులకూ గ్లోవ్స్ తొడుక్కుని, ప్లాస్టిక్ కాగితాల మధ్య ముక్కని పెట్టి ఆయన అప్పడాల కర్రతో కొడుతుంటే వీధి చివరిదాకా వినిపించేది. మజ్జిగ మాత్రం ఆయన తోడుపెట్టిన పెరుగుదే. ఆ మజ్జిగని ఫ్రిజ్‌లో పెట్టనిచ్చేవారు కాదు. "ఫ్రిజ్‌లో పులుపు నిద్రపోతుంది. గట్టు మీద ఉంటే మేలుకుంటుంది," అనేవారు.

ముక్కలు వేగాక అసలు ఘట్టం. నూనె వంచేసి, అడుగున కొంచెం ఉంచి, అందులో పిండి వేసి కళ్ళు మూసుకునేవారు. చెయ్యి మెల్లగా కలుపుతుండేది, ముఖం కొద్దిగా పైకెత్తి ఉండేది. ఎవరో పక్కగదిలోంచి పిలుస్తారని ఎదురుచూస్తున్నట్టు. ఆ పిలుపు వినగానే, కళ్ళు తెరవకుండానే, పాలగిన్నె కోసం చెయ్యి చాచేవారు. ఒక్కసారి కూడా మాడటం నేను చూడలేదు.

ఒక పార్టీలో ఎవరో పెద్దమనిషి, "ఏమండీ, ప్రసాదాలు వండాల్సిన చేతులతో కోళ్ళా?" అని వెటకారమాడాడు.

"చేతులదేముందండీ, గ్లోవ్స్ వేసుకున్నాయి," అన్నారీయన, ఏమాత్రం గొంతు పెంచకుండా. "మీ నోరే, ఏమీ వేసుకోకుండా వచ్చేసినట్టుంది."

ఆ వంట ఆయనకు ఎవరూ నేర్పలేదు. ఈ దేశం వచ్చిన కొత్తలో వాళ్ళు ఉన్న చిన్న ఊళ్ళో, ఆసుపత్రి కాఫెటేరియాలో మధ్యాహ్నం పూట అది పెట్టేవారట. సిస్టరమ్మకు నైట్ డ్యూటీ పడ్డాక ఆ భోజనం పోయింది. "అది తినక నోరు చచ్చిపోయింది సామీ," అందట ఒకరోజు. "ఎట్టా ఉంటుందో చెప్పు," అన్నారీయన. ఆవిడ చెప్పింది, ఈయన వండారు. ఆవిడ తిని, ఇట్టా కాదంది. మళ్ళీ చెప్పింది, మళ్ళీ వండారు. అలా ఆవిడ నాలుకా ఈయన చెయ్యీ కలిసి చేసిన వంట అది. మా ఇంటిదాకా వచ్చేసరికి కాఫెటేరియాది ఎలా ఉండేదో ఆవిడే మర్చిపోయింది.

థ్యాంక్స్‌గివింగ్ నాడు బల్ల దగ్గర ఆవిడ కళ్ళు మూసుకుని ప్రార్థన చేసేది. ఆయన గ్రేవీ గిన్నె పట్టుకుని ఆవిడ కుర్చీ వెనకాల నిలబడేవారు. "ఆమెన్" అనగానే వడ్డన. "మా గుళ్ళో నైవేద్యమయ్యాక గంట కొడతారు. ఇక్కడ ఆమెనే గంట," అనేవారు.

మొదటి ముక్క తిని, మింగి, ఒక క్షణం ఆగి, అప్పుడు చెప్పేది ఆవిడ, "వచ్చింది సామీ" అనో, "ఈసారి మిరియం ముందుకొచ్చింది" అనో. మొహమాటం లేదు, మొహం మీదే. ఆ తర్వాత ప్రతి ఏడూ ఒకటే పాట.

"ఒక్క ముక్క తినవయ్యా. ఇన్నేళ్ళ నుంచీ వండుతున్నావు. నేనేం తింటున్నానో తెలుసుకోవా?"

"వచ్చే ఏడు చూద్దాంలే సిస్టరూ."

"కొట్టుగోడ మీద 'అప్పు రేపు' అని రాసుంటుందే, అట్టాంటిది నీ వచ్చే ఏడు. ఏ ఏడూ రాదు."

ఆయన నవ్వి, తన కంచంలో పెరుగన్నం కలుపుకునేవారు.

తర్వాత ఆ జ్వరం వచ్చింది. లోకమంతా వచ్చిందే, వేరే పేరు చెప్పక్కర్లేదు. ఇద్దరూ పడ్డారు. ఆయన లేచారు.

వాళ్ళకు పిల్లలు లేరు. అంత్యక్రియల రోజున ఎవరో నల్లకోటాయన చేతిలో కాగితాలతో వచ్చి, "యువర్ వైఫ్..." అని మొదలుపెడితే ఈయన ఒక్క క్షణం ఎవర్నో అన్నట్టు చూశారు. ఆ మాటతో ఆవిణ్ణి ఎవరైనా అనగా విన్నది తక్కువ.

ఆ ఏడు ఇక వండరనుకున్నాం. వారం ముందే వీధి దాటి వచ్చి, "గురువారం భోజనం మా ఇంట్లోనే. సిస్టరు కుర్చీ ముందు ప్లేటు పెట్టాలి," అని చెప్పి వెళ్ళారు. ఆ ఉదయం సాయం చేద్దామని బయల్దేరాను. రోడ్డు సగం దాటేసరికి మాడు వాసన. సగం ఎత్తిన తలుపు కిందనుంచి పొగ. వంగి లోపలికి వెళ్ళాను. ఆయన మూకుడు మీదికి వంగి, కళ్ళు మూసుకుని, మెల్లగా కలుపుతున్నారు. ముఖం కొద్దిగా పైకెత్తి ఉంది. ఎదురుచూస్తున్నారు.

"అంకుల్! మాడిపోతోంది!"

కళ్ళు తెరిచారు. మూకుడులోకి చూశారు. పిండి బొగ్గయిపోయింది. "అవునా," అన్నారు, ఎవరో ఊళ్ళో సంగతి చెప్పినట్టు.

పొయ్యి ఆపాను. నాకు అర్థమయింది. అయినా అడిగాను, "ఎప్పట్నుంచి?"

"జ్వరం వచ్చి పోయిందే, అప్పట్నుంచి." బల్ల అంచు పట్టుకుని నిలబడ్డారు. "లోపలి వంటకి ఫరవాలేదు నాయనా. పప్పూ చారూ చెయ్యే చేసేసుకుంటుంది. తినేది నేనేగా, ఎట్టా ఉన్నా ఒకటే. ఇది అట్టా కాదు. ఇది ఆవిడది. తప్పుగా చేసి పెడితే పెట్టనట్టే. మునుపైతే ఆవిడే చెప్పేది తప్పని. ఇప్పుడు చెప్పదు."

మాడిన పిండిని గరిటెతో కదిపి, "పండగ కదా, ఇవాళైనా వస్తుందేమో అనుకున్నా," అన్నారు.

వాసనా, ఆవిడా అని నేను అడగలేదు.

మూకుడు కడిగి ఇచ్చాను. "ఇట్టా వచ్చి నిలబడు. నీ ముక్కు ఇవ్వు," అన్నారు. నా ముక్కు మీద నాకేమీ నమ్మకం లేదు. అప్పటిదాకా దానికి కళ్ళజోడు మోయడం తప్ప వేరే బాధ్యత అప్పగించలేదు. అయినా నిలబడ్డాను. కొత్త పిండి వేసి ఆయన కలుపుతున్నారు.

"ఏమొస్తోంది?"

"పిండి వాసన."

"పచ్చిగానా?"

"పచ్చిగానే."

"ఉండు. తొందరపడకు. ఇప్పుడో?"

"ఏదో... అప్పుడే పొట్లం విప్పిన బిస్కెట్‌లాగా."

"పాలు పొయ్యి!"

పోశాను. గ్రేవీ చిక్కబడింది. మిరియాలు పడ్డాయి. నేను హమ్మయ్య అనుకునేలోపు ఆయన చేతుల గ్లోవ్స్ విప్పి చెత్తబుట్టలో వేశారు. వేగిన ముక్కల్లోంచి చిన్నది ఒకటి వట్టి చేత్తో తీసుకున్నారు.

"అంకుల్..." అన్నాను.

"వచ్చే ఏడు వచ్చింది నాయనా," అన్నారు.

ముక్కని గ్రేవీలో అద్ది నోట్లో పెట్టుకున్నారు. చాలాసేపు నమిలారు. బయట ఎవరి పిల్లలో సైకిళ్ళ మీద అరుచుకుంటూ పోయారు. ఆయన మింగి, నా వైపు చూశారు.

"వేడి తెలుస్తోంది. కరకర తెలుస్తోంది. అంతే. ఇంకేం లేదు." గొంతు మామూలుగానే ఉంది. "నోరున్నన్నాళ్ళూ తినమంటే తినలా. ఇప్పుడు తింటుంటే..." అక్కడ ఆపేశారు. మూకుడు నా వైపు జరిపారు. "నువ్వు తిను. తిని చెప్పు, ఆవిడేం తిన్నదో."

తిన్నాను. "బాగుంది అంకుల్."

"బాగుందనడానికి నువ్వెందుకు? ఎట్టా ఉందో చెప్పు. ముక్క మొహం చూడనివాడికి చెప్పినట్టు చెప్పు."

రాస్తుంటానని నలుగురిలో చెప్పుకు తిరిగేవాణ్ణి. నోట్లో పెట్టుకున్నంత సులువుగా దాన్ని మాటల్లో పెట్టలేక నిలబడ్డాను. ఇంకో ముక్క తీసుకుని మళ్ళీ మొదలుపెట్టాను.

"పైన... చెక్కలు చేస్తారు చూడండి, ఆ కరకర. కానీ చెక్కంత మొండిది కాదు. పంటి కింద పడగానే లొంగిపోతుంది."

"ఊఁ."

"లోపల, ముదిరిన పనసకాయ ముక్క ఉడికితే నారలు నారలుగా విడిపోతుందే, అట్లా. ఇంకా మెత్తన. తనంతట తను పెద్దగా ఏమీ చెప్పదు. చెప్పేదంతా గ్రేవీయే. పాలు వెచ్చగా, కాస్త తియ్యగా వస్తుంటే, వెనకాలే మిరియం."

"నాలిక మీదా, గొంతులోనా?"

"గొంతు మొదట్లో."

"మింగాక?"

మింగాను. ఆయన బల్ల అంచు పట్టుకుని నా నోటి వైపే చూస్తున్నారు, వార్డులో పరీక్ష రిపోర్టు కోసం చూసేవాళ్ళలాగా. ఆగాను. ఇంకేమీ లేదనుకున్నాక వచ్చింది.

"పులుపు," అన్నాను. "చిన్నది. మజ్జిగది. అంతా అయిపోయిందనుకున్నాక వచ్చింది."

ఆయన బల్ల అంచు వదిలేశారు. "ఆఁ. అదే. మింగాక పులుపు తగలాలి సామీ, తగలకపోతే మనింటిది కాదు, అనేది సిస్టరు." తల ఊపుకున్నారు. "అయితే వచ్చింది."

ఆ మధ్యాహ్నం బల్ల దగ్గర మా ముగ్గురికీ, ఖాళీ కుర్చీ ముందూ ప్లేట్లు పెట్టారు. గ్రేవీ గిన్నె పట్టుకుని ఆ కుర్చీ వెనకాల ఎప్పటిలాగే నిలబడ్డారు. మేం తలలు వంచుకుని కూర్చున్నాం. గంట కొట్టేవాళ్ళు లేరు. గ్రేవీ మీద మీగడ కట్టడం మొదలైంది. చివరికి ఆయనే అన్నారు, "ఆమెన్". ఆయన నోట ఆ మాట వినడం అదే మొదలు. అలవాటు లేని నోరు, కొంచెం తడబడింది. తర్వాత ఆవిడకు మొదట వడ్డించారు.

ఆ తర్వాత ప్రతి ఏడూ అలాగే. ఆయన చెయ్యి, నా ముక్కు, నా నోరు. ప్రతిసారీ ఆయన ఒక ముక్క తినేవారు, ఏమీ తెలియదని తెలిసీ. నేను చెప్పేవాణ్ణి. ఒకే వంట, ఒకే మాటలు. రెండోసారి నుంచి నేను మాటలు మారుస్తే ఊరుకునేవారు కాదు. "చెక్కలని చెప్పావుగా, మళ్ళీ జంతికలంటావేంది?" అని దిద్దేవారు.

పోయిన ఏడు ఆయన మంచం దిగలేదు. ఆయన చెప్పినట్టే చేసి, ఆయన మజ్జిగతోనే చేసి, ప్లేటు పట్టుకెళ్ళాను. గుటక పడటం అప్పటికే కష్టంగా ఉంది. ప్లేటు వైపు చూసి, నా వైపు చూశారు.

"నువ్వు తిను నాయనా," అన్నారు. "నేను వింటాను."

మంచం పక్కన కుర్చీ వేసుకుని తిన్నాను. పైన చెక్కల కరకర, లోపల పనస నార, పాలు, మిరియం. కళ్ళు మూసుకుని, ముఖం కొద్దిగా పైకెత్తి విన్నారు, పిండి వేగుతున్నప్పటి ముఖం. "మింగాక?" అని పెదాలు కదిలాయి.

"పులుపు అంకుల్."

"వచ్చింది సిస్టరూ," అన్నారు, నాతో కాదు.

మార్చిలో ఆయన వెళ్ళిపోయారు. ఇల్లు సర్దిన రోజున ఇనపమూకుడూ అప్పడాల కర్రా మేం తెచ్చుకున్నాం. తోడుకి ఆయన పెరుగు కాస్త తెచ్చుకోవాలని మాలో ఎవరికీ తట్టలేదు. తట్టేసరికి ఆ ఇల్లు వేరేవాళ్ళది.

మొన్న ఆదివారం రెండోసారి పిండి మాడలేదు. కళ్ళు తెరుచుకునే చేశాను, అంతవరకే నా అర్హత. మా ఆవిడ గరాజ్ మెట్టు మీద వచ్చి కూర్చుంది. ప్లేటు చేతిలో పెట్టాను.

"ఉప్పు చూశారా?"

"చూడకూడదు."

ఫోర్క్‌తో ఒక ముక్క తుంచి తింది. "బాగుందండీ."

"బాగుందనడానికి..." అని ఆపేశాను.

మా ఆవిడ నన్ను చూసింది. ఫోర్క్ పక్కన పెట్టింది. ఈసారి చేత్తో తీసుకుని, కళ్ళు మూసుకుని, నెమ్మదిగా నమిలింది. "పైన కరకర," అంది. "చెక్కల్లాగా. లోపల మెత్తన, విడిపోతోంది. పాలు. మిరియం వెనకాల వస్తోంది, గొంతులో."

"మింగాక?"

మింగింది. ఆగింది. నేనూ ఆగాను. ఎదురింటి వాకిట్లో కొత్తగా వచ్చినవాళ్ళు ఎండుటాకులు ఊడుస్తున్నారు. ఆ చప్పుడు ఆగి, మళ్ళీ మొదలయ్యేంతసేపు చూసింది మా ఆవిడ.

"మింగాక ఏమీ లేదండీ," అంది మెల్లగా.

పొయ్యి ఆపేశాను. మా ఆవిడ లేచి లోపలికి వెళ్ళింది. ఫ్రిజ్ తలుపు తెరిచిన చప్పుడు వినిపించింది. మజ్జిగ గిన్నె తీసి, పైన పళ్ళెం మూసి, గట్టు మీద పెట్టింది.